బండి పోయాక మిగతా మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఖరగ్‌పూర్‌లో నోళ్ళు బాగుచేసే పని ఎవాంజలిన్ చూసుకుంటుంది. ఊరు బాగుచేసే పని మునిసిపాలిటీ చూసుకోవాలి, ఆ సంగతి ఇప్పుడెందుకు. మలంచా రోడ్డులో మందుల షాపు పైన మేడమీద ఆవిడ క్లినిక్. మాట రాని పిల్లలు, మాట తడబడే పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలు ఆ మెట్లెక్కి వస్తారు. మాట ఇచ్చి తప్పేవాళ్ళకి మాత్రం ఆవిడ దగ్గర వైద్యం లేదు. ఉండి ఉంటే ఆ క్యూకి మన స్టేషన్లో అంత పొడుగు ప్లాట్‌ఫారమూ చాలేది కాదు.

ఆ శనివారం పొద్దున్న ఒక కుటుంబం వచ్చింది. ముందు సూసన్నమ్మ, చేతిలో గుడ్డసంచీ. వెనక ఆవిడ కొడుకు తీతు. అతని వేలు పట్టుకుని ఆరేళ్ళ జెనీ. జెనీ తల్లి స్వర్ణకుమారికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు, సెలవు దొరకలేదు. తను రాలేక డాక్టరమ్మని అడగాల్సిన ప్రశ్నలన్నీ అత్తగారికి అప్పజెప్పి పంపింది. సూసన్నమ్మ వాటిలో సగం మెట్ల మీదే మరిచిపోయింది. మిగతా సగానికి జవాబులు తనే చెప్పేసుకుంది.

తీతు రైల్వేలో కీమన్. పట్టాల వెంట రోజూ నడుచుకుంటూ పోయి, పట్టాని పట్టి ఉంచే ఇనప కీ ఎక్కడైనా వదులైతే సుత్తితో కొట్టి బిగించి రావడం అతని డ్యూటీ. నాది కీలకమైన ఉద్యోగం అని అతనే చెప్పుకుంటాడు, అందులో అబద్ధమేమీ లేదు. ఆ మాటకొస్తే డాక్టరమ్మకీ అతనికీ ఇద్దరికీ రెండేసి పట్టాలు. ఆవిడవి గోడకి వేలాడుతున్నాయి, ఇతనివి నేలమీద పరిచి ఉన్నాయి. ఎవరి పట్టాలంటే వాళ్ళకి ప్రాణం.

వచ్చిన పని జెనీది. ఇందా అనే పేటలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదువుతోంది పిల్ల. పాఠం చదువుతూ చదువుతూ ఠక్కున ఆగిపోతుందట. కుడిచెయ్యి పైకి లేస్తుందట. కళ్ళు గుమ్మం వైపు వెళ్ళిపోతాయట. కాసేపయ్యాక చెయ్యి దించి మళ్ళీ అందుకుంటుందట. అది నత్తి అని క్లాసు మిస్ అంది. నత్తి కాదు, మూర్ఛలో ఒక రకం అని పక్క క్లాసు మిస్ అంది. ఏదో ఒకటి స్పెషలిస్టు తేల్చి రాసివ్వాలి, లేకపోతే కొత్త సెషన్లో ఒకటో తరగతికి పంపం, మళ్ళీ కేజీలోనే కూర్చోబెడతాం అని ప్రిన్సిపాల్ అంది. జెనీకి భయమంతా అక్కడే. తన జట్టు పిల్లలంతా మేడమీద ఒకటో తరగతికి పోతే, తను కింద ముక్కులు కారే బుడతల మధ్య ఏబీసీడీలు పాడుకుంటూ ఉండిపోవాలి. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

"వందనాలమ్మా," అంది సూసన్నమ్మ కూర్చోకుండానే. "మా గుంటకి ఏటీ నేదు. ఆ మిస్సులకే ఏటో అయినాది. దానికి ఏటీ నేదని రాసిచ్చీయమ్మా, ఎలిపోతాం."

"మా జెనీ మెయిల్ బండి మేడమ్. మజ్జిలో హాల్టు నేదు," అన్నాడు తీతు. అతను ఏ మాటైనా ప్లాట్‌ఫారం మీద అనౌన్స్ చేసినట్టే అంటాడు. లైను మనుషులు గట్టిగానే మాట్లాడతారు కాబట్టి ఎవాంజలిన్ అది పట్టించుకోలేదు. చూడకుండా రాయనని నవ్వుతూ చెప్పి, పిల్లని లోపలికి తీసుకెళ్ళింది.

మాటకి పరీక్ష అంటే అది చెవి నుంచి మొదలవుతుంది. చెవికి రాని మాట నోటికి రాదు. క్లినిక్ వెనకవైపు ఒక చిన్న సౌండ్‌ప్రూఫ్ గది ఉంది, గోడకి అద్దం కిటికీ. లోపల కూర్చుని తలుపేసుకుంటే మన గుండె మనకే పక్కింటి వాళ్ళు తలుపు కొడుతున్నట్టు వినబడుతుంది. అక్కడ జెనీ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, సన్న కూత వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఎంత సన్నగా పంపినా పిల్ల నొక్కింది. పాము చెవులు.

తరవాత అదే గదిలో తనూ కూర్చుని బొమ్మలు చూపించింది. గొడుగు బొమ్మకి జెనీ ఛాతా అంది, మామిడిపండుకి ఆమ్ అంది, దువ్వెనకి దువ్వెనే అంది. ఖరగ్‌పూర్ పిల్లల నోట్లో నాలుగు భాషలు ఒకే గిన్నెలో ఉడుకుతాయి. ఏ గరిటె పెడితే ఏది వస్తుందో చెప్పలేం. ఎవాంజలిన్ అన్నింటికీ మార్కు వేస్తుంది. చివరికి బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమంది. కోతి, మామిడిచెట్టు, కాపలావాడు, కర్ర. జెనీ మొదటినుంచి చివరిదాకా చెప్పేసి, పుస్తకంలో లేని పోలీసుని కూడా ఒకణ్ణి తెచ్చింది. ఎక్కడా ఆగలేదు, ఒక్కసారి కూడా చెయ్యి లేవలేదు.

ఎవాంజలిన్‌కి అనుమానం వచ్చింది. బాగున్న పిల్లని చూసి అనుమానపడడం వాళ్ళ చదువులో భాగం. పిల్లని బయట గదిలోకి తెచ్చి, కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టి, అదే కథ మళ్ళీ చెప్పించింది.

"కోతి సెట్టెక్కి మామిడికా..."

ఆగింది. చెయ్యి లేచింది. కళ్ళు గుమ్మం అవతల కూర్చున్న తండ్రి మీదకి పోయాయి. ఎవాంజలిన్ చప్పుడు చెయ్యకుండా బల్లమీద ఒక ఎర్రబంతి పెట్టి, తీసేసింది. కాసేపటికి చెయ్యి దిగింది.

"...య కోసినాది. అప్పుడు కాపలావోడు వచ్చినాడు."

ఇప్పుడు నేనేం చేశానని అడిగితే, ఎర్రబంతి పెట్టి తీసేశారని టక్కున చెప్పింది జెనీ. మూర్ఛ అయితే ఆ క్షణాలు పిల్లకి గుర్తుండవు, వదిలిన మాట మళ్ళీ అందదు. ఈ పిల్లకి అన్నీ గుర్తున్నాయి. నత్తి అయితే మొదటి అక్షరం దగ్గరే తన్నుకుంటుంది, పెదాలు బిగుసుకుంటాయి, అక్షరం పదేపదే వస్తుంది. ఈ పిల్ల మామిడికాయని మధ్యకి కోసి, రెండో ముక్క చేత్తో పట్టుకుని హాయిగా కూర్చుంది. ఎర్రసిగ్నల్ పడితే నిలబడి, పచ్చసిగ్నల్ పడితే కదిలినట్టుంది. మరి ఆ సిగ్నల్ ఇస్తున్నదెవరు?

అది తేల్చుకోవడానికి ఎవాంజలిన్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. రోగిని చూశాక రోగితో వచ్చినవాళ్ళని చూడడం ఆవిడ అలవాటు. అవతల సూసన్నమ్మ రిసెప్షన్లో కూర్చున్న మీనాకుమారికి ఎండు మెత్తళ్ళ కూర నేర్పుతోంది. తీతు తన పక్కన కూర్చున్న బెంగాలీ దాదాకి, ఎండల్లో పట్టా ఎలా సాగుతుందో బెంగాలీలో, గది గదంతా సాగేలా చెబుతున్నాడు.

"మెత్తళ్ళు నూనెలో ఏపి పక్కనెట్టుకో. ఆ నూనెలోనే వంకా..." అంటూ సూసన్నమ్మ ఆగిపోయింది. కళ్ళు సగం మూసుకుంది. చెయ్యి గాలిలో గరిటె పట్టుకున్నట్టే ఉండిపోయింది. మీనాకుమారి కంగారుగా లేచి మంచినీళ్ళ సీసా అందుకుంది.

అప్పుడు వినబడింది ఎవాంజలిన్‌కి. దూరంగా, ఎక్కడో లైను వైపు నుంచి, ఇంజను హారన్. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి రైలు హారన్ వినబడదు. కాకి అరుపు లెక్కలోకి రానట్టే అదీ రాదు. ఆవిడ పక్కకి చూసింది. జెనీ చెయ్యి పైకెత్తి ఉంది.

"...య ముక్కలేసీ," అంది సూసన్నమ్మ కళ్ళు తెరిచి. "మూత ఎట్టకు. మూతెడితే నీరొచ్చీద్ది."

ఎవాంజలిన్ వెళ్ళి పక్కన కూర్చుని ఎందుకు ఆగారని అడిగింది. సూసన్నమ్మకి ప్రశ్నే అర్థం కాలేదు. ఊపిరెందుకు పీలుస్తున్నావని అడిగినట్టు చూసి, తరవాత విడమరిచి చెప్పింది. వాళ్ళ క్వార్టరు కిటికీ తీస్తే లైనే. హారన్ కొట్టాడంటే వెనకే బండి వచ్చి ఇంట్లోంచి పోయినట్టు పోతుంది. గూడ్సయితే గిన్నెలు కూడా నడుస్తాయి. ఆ మోతలో మాట్లాడితే గొంతు పోవడమే తప్ప పని జరగదు. అందుకని ఆ వరసలో క్వార్టర్లన్నిటికీ ఒకటే ధర్మం. హారన్ కాగానే ఎక్కడి మాట అక్కడ ఆపాలి, బండి పోయాక అక్కణ్ణించే అందుకోవాలి. ముందు చెప్పింది మళ్ళీ చెప్పకూడదు, టైము దండగ.

"రైలు మాటాడతన్నప్పుడు మనిసి మాటాడకూడదమ్మా. మా అత్త నేర్పినాది నాకు. పెద్దమనిసి మాటకి అడ్డొస్తామా?"

ఆ వరసలో పెళ్ళి సంబంధాలూ, తగువులూ, కుటుంబ ప్రార్థనలూ అన్నీ ఈ పద్ధతిలోనే నడుస్తాయట. తగువుల్లో అయితే తిట్టు సగంలో ఆగి, పెద్ద గూడ్సు అంతా పోయాక మిగతా సగం వచ్చేసరికి, తిట్టేవాళ్ళకి కోపమూ, తిట్టించుకునేవాళ్ళకి ఓపికా రెండూ అయిపోతాయి. ఓసారి తెలుగు చర్చిలో సూసన్నమ్మ సాక్ష్యం చెబుతూ హారన్‌కి ఆగింది. ఆత్మ ఆవరించిందనుకుని జనమంతా మోకరించారు. బండి పోయాక ఆవిడ తను ఆపేసిన కందిపప్పు దగ్గర నుంచి అందుకుంటే పాస్టరుగారు మొహం తిప్పుకోవలసి వచ్చింది.

మలంచాలో బండి రాదు. కానీ హారన్ వస్తుంది. అలవాటుకి అది చాలు. సౌండ్‌ప్రూఫ్ గదిలోకి హారన్ రాదు, అందుకే జెనీ అక్కడ ఆగలేదు. ఇందా స్కూల్లోకి వస్తుంది, అందుకే అక్కడ ఆగింది. నత్తీ కాదు, మూర్ఛా కాదు. మర్యాద. పుస్తకాల్లో దీనికి పేరు లేదు, మందు అంతకన్నా లేదు.

అంతా తేలిపోయినట్టే. కానీ ఎవాంజలిన్‌కి రెండు విషయాలు మిగిలాయి. సూసన్నమ్మ చెయ్యి ఎత్తలేదు, జెనీ ఎందుకెత్తుతుంది? ఇందాక హారన్ పడితే తీతు తల్లీ ఆగింది, కూతురూ ఆగింది. మధ్యలో తీతు ఎందుకు ఆగలేదు?

మొదటిదాని గురించి సూసన్నమ్మని అడిగింది. ఈమధ్య అదే మొదలెట్టిందంది. రెండోదానికి మాత్రం ఎప్పట్నించో దాచుకున్న జవాబు ఉంది. "ఆడికి మర్యాద పోనాదమ్మా. బండి మీద మాటాడేస్తాడు. నానేదైనా సెప్తే సెవిన ఎట్టడు. పెళ్ళాం సెప్పినా అంతే." పాపం ఆవిడ, కొడుకు వినకపోవడాన్ని వినయం లేకపోవడం కింద వేసేసుకుంది.

ఎవాంజలిన్ లేచి తీతు వెనక్కి వెళ్ళింది. ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, తీతు గారూ, ఆ కుర్చీ కాస్త ఇటు జరుపుతారా అంది. తీతు పట్టాని సాగదీస్తూనే ఉన్నాడు. పక్కనున్న బెంగాలీ దాదా, తెలుగు ముక్క రాకపోయినా, గొంతు విని వెనక్కి తిరిగాడు.

ఆవిడ ముగ్గుర్నీ లోపలికి పిలిచి తలుపేసింది. ముందు జెనీ సంగతి చెప్పింది, పిల్లకి ఏ జబ్బూ లేదని. వాళ్ళ ఎదురుగానే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి బెంగాలీలో అంతా వివరించింది. అవతల ప్రిన్సిపాల్ నవ్వాపుకోలేక ఫోన్ పక్కనున్న క్లాసు మిస్‌కి ఇచ్చింది. సోమవారం రిపోర్టు పంపండి, ఒకటో తరగతికి పంపిస్తాం అన్నారు. అయితే క్లాసు మిస్ ఒకటి అడిగింది. అమ్మాయి క్లాసులో చెయ్యెత్తడం ఎప్పుడు మానుతుంది? మిగతా పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు, హారన్ పడితే క్లాసు క్లాసంతా చెయ్యెత్తేస్తోంది. అది ఇంకొకరి మీద ఆధారపడి ఉందని ఎవాంజలిన్ చెప్పి, ఫోన్ పెట్టేసి, తీతుకి ఎదురుగా కూర్చుంది. పెదాలు కనబడేలా, నిదానంగా, మీ చెవులు కూడా ఒకసారి చూస్తానంది.

తీతు నవ్వేశాడు. "టెస్టుకొచ్చింది నా కూతురు మేడమ్. నాకేటి? మెడ నొప్పొకటే. అది సెవిలోకి రాదు కదా."

మెడ ఎందుకు నొప్పని అడిగింది. లైను మీద నడుస్తుంటే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తానని చెప్పాడు. ఇదివరకు కూడా అంతలా తిరిగేవారా అని అడిగితే, తీతు గోడమీది కాలెండరు వైపు చూశాడు. ఎవాంజలిన్ అతన్ని వదిలేసి జెనీని అడిగింది, హారన్ పడితే చెయ్యి ఎందుకెత్తుతావని.

జెనీ ఆవిడకి చెప్పలేదు. కుర్చీ దిగి తండ్రి దగ్గరికెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. మాటలు ఆయనకి చేరాలంటే దారి అదేనని పిల్లకి ఎప్పట్నించో తెలుసు.

"నీకు హారన్ ఇనబడదు కదా నానా. ఇంట్లో నేను సెయ్యెత్తితే నువ్వు ఆగుతావు. మరి లైను మీద ఎవులెత్తుతారు?"

సూసన్నమ్మ సంచీ ఒళ్ళోంచి జారి కింద పడింది. ఎవరూ తీయలేదు. క్లాసులో హారన్ పడినప్పుడల్లా ఆ పిల్ల గుమ్మం వైపు ఎందుకు చూస్తోందో అందరికీ ఒక్కసారే తెలిసింది.

తీతు పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. తరవాత, మొదటిసారి మెల్లగా అన్నాడు. "మా తాత లైను గ్యాంగులో సేసినాడు. మా అయ్యా గ్యాంగే. నాకు ఇనబడదంటే లైను మీంచి తీసేసి, ఏ స్టోరులోనో కుర్సీ ఏసి కూకోబెడతారు మేడమ్. బోల్టులకి కాపలా."

"కుర్చీలో కూర్చున్నవాడు సాయంత్రం ఇంటికొస్తాడు తీతు గారూ," అంది ఎవాంజలిన్.

అతను లేచి, చెప్పులు బయట వదిలి, చర్చిలోకి వెళ్ళినట్టు ఆ చిన్న గదిలోకి వెళ్ళాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బటన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎవాంజలిన్ ఇవతల మిషన్ ముందు కూర్చుని కూతలు పంపింది. తీతు నొక్కాడు. ఇంకా సన్నగా పంపింది. నొక్కాడు. మరీ సన్నగా పంపినా నొక్కాడు. ఇంత బాగా వినేవాడు కుర్చీ ఎందుకు జరపలేదో ఆవిడకి అర్థం కాలేదు. పక్కకి తిరిగి చూస్తే, అద్దానికి ముక్కు ఆనించి జెనీ. ఎవాంజలిన్ వేలు మీట మీద పడినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి పైకి లేస్తోంది. అది చూసి లోపల తండ్రి బటన్ నొక్కుతున్నాడు.

పరీక్షల్లో కాపీ కొట్టించేవాళ్ళని చాలామందిని చూశాం. తండ్రి చెవికి కూతురు స్లిప్పు అందించడం అదే మొదలు. ఎవాంజలిన్ తిట్టలేదు. పిల్లని ఎత్తుకుని సూసన్నమ్మ ఒళ్ళో, గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. మళ్ళీ మొదలెట్టింది.

ఈసారి తీతు చెయ్యి కదల్లేదు. కూత పెంచింది. కదల్లేదు. ఇంకా పెంచింది. అతను అద్దంలోంచి కూతురి వీపు వైపు చూస్తూ, బటన్ మీద బొటనవేలు అలాగే ఉంచి, ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఎంతో పెంచాక అప్పుడు నొక్కాడు. సూసన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బయటికొచ్చాక ఎవాంజలిన్ దాపరికం లేకుండా చెప్పింది. రెండు చెవులూ తగ్గాయి. కూతల్లాంటి సన్న శబ్దాలు మరీ తగ్గాయి, దూరపు హారన్ అందదు. రైల్వే హాస్పిటల్లో చెవి డాక్టరు చూసి ఎందుకు తగ్గాయో తేల్చాలి, చెవికి మిషన్ పెడితే ఇంట్లో మాటలు చాలావరకు అందుతాయి. ఆ డాక్టరు చెప్పేదాకా లైను మీద అడుగు పెట్టకూడదు. రేపు కూడా పెట్టకూడదు.

సూసన్నమ్మ కొడుకు భుజం మీద చెయ్యేసింది. "ఒరే, నాను నీకు మర్యాద నేదనుకున్నానురా."

"అదీ నేదులేమ్మా," అన్నాడు తీతు. అని, జేబులోంచి ఫోన్ తీసి, మనసు మారేలోపే పై ఆఫీసరు ఉమాశంకర్ గారికి కలిపాడు. మళ్ళీ పాత గొంతు వచ్చేసింది. కింద మందుల షాపు దాకా వినబడింది.

"సార్, తీతుని సార్. రేపటి బీటుకి ఏరే మనిసిని ఎట్టండి. నాకు సరిగ్గా ఇనబడతం నేదు సార్. టెస్టులో తేలినాది. సోమారం హాస్పిటల్‌కి ఎల్తన్నాను."

అవతల ఏదో మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళూ తీతు ఫోన్లో ఏది అర్థం కాకపోయినా ఆఁ సార్, ఆఁ సార్ అని పెట్టేసేవాడు. ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, కింది ఉద్యోగులంతా అదే అంటారు. ఇప్పుడు మాత్రం ఫోన్ తీసి జెనీ చెవికి ఆనించి, వంగి, మొహం మొహంలో పెట్టాడు. "ఏటంటన్నారో ఇని సెప్పు."

జెనీ పెద్దమనిషిలా విని, ఒక్కో ముక్కా తండ్రి కళ్ళలోకి చూస్తూ అప్పజెప్పింది. రేపు బీటుకి క్రిస్టోఫర్ అంకుల్ ఎల్తాడంట. సోమారం హాస్పిటల్‌కి సారే వస్తారంట. తరవాత కొంచెం తడబడి, ఎవాంజలిన్ వైపు చూసి, మళ్ళీ తండ్రి వైపు తిరిగింది.

"నానా, ఇన్నాళ్ళూ సెప్పకుండా లైను మీద తిరిగినావని తిడతన్నారు. అదీ సెప్పీనా?"

"వొద్దమ్మా," అన్నాడు తీతు. "ఆ ముక్క ఇనబడినాది."